అటక మీద గంగాళం, టీవీలో అత్త

ఇప్పుడు మా ఇంట్లో టీవీ చూడాలంటే ముందు రిమోట్ దొరకాలి. ఆ రోజుల్లో అయితే ఇల్లెక్కాలి. ఇంటి మీద ఒకరు, వాకిట్లో ఒకరు, టీవీ ముందు ఒకరు, ఇంతమంది కష్టపడితే తప్ప వార్తలు చదివే ఆమె ముఖం కనిపించేది కాదు. కనిపించాక కూడా ఆమె వార్తలు చదువుతోందా, వానలో తడుస్తోందా అన్నది మనమే ఊహించుకోవాలి. అంత శ్రమపడి రప్పించుకున్న బొమ్మ కాబట్టి వచ్చినదల్లా చూసేవాళ్లం. ఎరువుల గురించి చెప్పినా చూశాం, కోళ్ల రోగాల గురించి చెప్పినా చూశాం (మా ఇంట్లో ఒక్క కోడి కూడా లేదు). అప్పుడు నేను కోరుట్లలో ఇంటర్ మొదటి సంవత్సరం, అదీ లెక్కల గ్రూపు. ఇంట్లో ఫ్యూజు పోయినా, సైకిలు చైను ఊడినా "ఇంజనీరమ్మను పిలువుర్రి" అనేవాళ్లు. అది వెక్కిరింపని నాకు చాలా ఏళ్లకు గానీ అర్థం కాలేదు. అప్పుడు మాత్రం పిలవగానే స్క్రూడ్రైవర్ పట్టుకుని పరుగెత్తేదాన్ని.

మా బాపు, అంటే నాన్న, దుబాయిలో పనిచేసేవాడు. ఒకసారి సెలవుకు వచ్చినప్పుడు మందపాటి కంబళిలో చుట్టి, పసిపిల్లను ఎత్తుకొచ్చినట్టు ఒక కలర్ టీవీ తెచ్చాడు. ఇంటి మీద పొడవాటి పైపు పాతించి, దాని కొసకు అల్యూమినియం పుల్లల యాంటెన్నా కట్టించి, బొమ్మ వచ్చిందాకా నిలబడి చూసి, సెలవు అయిపోగానే వెళ్లిపోయాడు. ఆయన విమానం ఎక్కిన వారానికే మా యాంటెన్నా మీదికి కోతులు ఎక్కాయి. మావి గూనపెంకుల ఇళ్లు. కొండగట్టు ఆంజనేయుడి గుడి మాకు ఎంతో దూరం కాదు, కోతులకు అసలు దూరమే కాదు. పైపు పట్టుకుని పైకి పాకడం, కొసన ఉన్న పుల్లల మీద కూర్చుని ఊగడం, విసుగు పుట్టాక పక్కింటి యాంటెన్నా మీదికి దూకడం, ఇదీ వాటి దినచర్య. నేను గులేరులో రాయి పెట్టి గురి చూస్తే మా నాయినమ్మ చెయ్యి పట్టుకునేది.

"రాయి ఇసిరితె కండ్లు పోతయే. అంజన్న ఊగుతుండు, ఊగనియ్యి."

"నాయినమ్మా, యాంటెన్నా వంగిపోతున్నది!"

"వంగితె మళ్ల సక్కగ జెయ్యి. ఇంజనీరువు గాదు?"

నేను సక్కగ చేసేదాన్ని. అంజన్న మళ్లీ వంచేవాడు. ఎక్కినప్పుడల్లా నా కాలికింద ఒక పెంక, కోతి కాలికింద ఇంకో పెంక పగిలేవి. వానాకాలం మొదలయ్యేసరికి నడింట్లో బియ్యం బస్తా మీద చుక్కలు చుక్కలుగా నీళ్లు కారాయి. మా అమ్మ మామూలుగా గొంతెత్తి మాట్లాడే మనిషి కాదు. ఆ రోజు మాత్రం తడిసిన బియ్యం చాటలో పోసి నా ముందు పెట్టి, "ఇంకొక్కసారి ఇల్లెక్కితె మీ బాపుకు ఫోన్ జేసి చెప్త. బొమ్మ కావాల్నా, బువ్వ కావాల్నా?" అని అడిగింది. నేను రెండూ కావాలన్నాను. ఇంటి మీద కుదరకపోతే ఇంట్లో పెడతానన్నాను. యాంటెన్నా అంటే ఆకాశం కిందే ఉండాలని ఏ పుస్తకంలోనూ రాసిలేదు (నా పుస్తకంలో యాంటెన్నా గురించే రాసిలేదు, అది వేరే సంగతి).

మామూలు రోజుల్లో అయితే ఈ పట్టుదల రెండు రోజులకు చల్లారిపోయేది. కానీ సరిగ్గా అప్పుడే మా చిన్నబాపు సిరిసిల్ల నుంచి ఒక కబురు తెచ్చాడు. చిన్నబాపు, అంటే బాపు తమ్ముడు, టైలరు. లంగా గుడ్డ కోసం నెలనెలా సిరిసిల్ల పోయి, అక్కడే ఉన్న మా మేనత్తను చూసి వచ్చేవాడు. అత్త, నాయినమ్మకు ఒక్కగానొక్క కూతురు. ఆ తల్లీబిడ్డలకు మాటలు లేవు. కారణం ఒక గంగాళం. నాయినమ్మకు వాళ్లమ్మ ఇచ్చిన పెద్ద ఇత్తడి గంగాళం అది, చిన్నప్పుడు నేను అందులో కూర్చుంటే తల మాత్రమే బయటికి కనిపించేది. అత్త కొత్తిల్లు కట్టుకున్నప్పుడు దాన్ని అడిగింది. "నేను పోయినంక తీస్కపో" అంది నాయినమ్మ. "నువ్వు పోయినంక నాకు గంగాళమెందుకు? నువ్వే పెట్టుకో, మళ్ల నీ గడప తొక్క" అని అత్త లేచి వెళ్లిపోయింది. అన్నట్టుగానే రెండు బతుకమ్మలకు రాలేదు. గంగాళం అటకెక్కింది. అత్త పేరెత్తితే నాయినమ్మ చెవులు వినపడనట్టు కూర్చునేది.

చిన్నబాపు తెచ్చిన కబురేమిటంటే, టీవీ వాళ్లు సిరిసిల్ల వచ్చి సాంచెలు (మరమగ్గాలు) నడిచే ఇళ్లను ఫిల్ము తీశారట, మా అత్త దారం కండెలు చుడుతుంటే ఆమెను కూడా తీసి మాట్లాడించారట. వచ్చే గురువారం సాయంత్రం చూపిస్తారట. చిన్నబాపు మంచినీళ్లు తాగి, నాయినమ్మ వైపు చూడకుండా, గోడతో చెప్పినట్టు చెప్పాడు.

"అక్క ఏమన్నదంటె, 'అవ్వ నా ఇంటికి రాకపాయె, నేను ఆమె ఇంటికి పోకపోతి. టీవీలనన్న నన్ను చూడుమను' అన్నది."

(అవ్వ అంటే మా వైపు అమ్మ.) నాయినమ్మ చింతపండులో గింజలు తీస్తోంది. తల ఎత్తలేదు. "నాకేం అక్కర? మీరు చూసుకోర్రి" అంది. కాసేపయ్యాక నన్ను పిలిచి మెల్లగా, "అవునే, గా కొండెంగ కొమ్మలు ఇంట్ల పెట్టినా బొమ్మ అస్తదంటివి గదా. ఎప్పుడు పెడుతవ్?" అని అడిగింది. కోతులెక్కే యాంటెన్నాకు ఆమె పెట్టుకున్న పేరది. పక్కింట్లో చూద్దామని అమ్మ అంటే మాత్రం ఒప్పుకోలేదు. "నా బిడ్డను మందింట్ల పోయి, మంది నడుమ కూసోని చూడాల్నా? చూస్తె నా ఇంట్ల చూస్త. లేకుంటె లేదు." ఆ మాటతో ఆ గురువారం నా భుజం మీద పడింది. తల్లి బిడ్డను చూడటం నా చేతిలో ఉందని, నేను తప్ప ఆ పని చేసేవాళ్లు కోరుట్లలో లేరని నాకు గట్టిగా అనిపించింది.

మర్నాడే చిన్నబాపును వెంటబెట్టుకుని జగిత్యాల వెళ్లాను. గడియారం టవర్ దగ్గర ఒక ఎలక్ట్రికల్ షాపు ఉండేది. ఆయన ప్రతి మాటకూ గ్యారంటీ అనేవాడు కాబట్టి మేము గ్యారంటీ సేటు అనేవాళ్లం. ఆయన నాడి పట్టుకున్న వైద్యుడిలా కళ్లు మూసుకుని ప్రశ్నలు వేశాడు.

"ఏ ఊరు బిడ్డా?"

"కోరుట్ల."

"ఇల్లు?"

"గూనపెంకలది."

"కోతులు?"

"ఉన్నయి."

"మీ నాయినమ్మ కొట్టనియ్యది."

"మీకెట్ల తెలుసు?"

"అందరిండ్లల్ల గదే కథ" అని కళ్లు తెరిచి, అరలోంచి రెండు పొడుగాటి కొమ్ములున్న బుల్లి యాంటెన్నా తీశాడు. "గిది టీవీ మీదనే పెట్టుకోవచ్చు. కొమ్ములు ఎట్ల కావాల్నంటె గట్ల వంచుకో. ఇల్లెక్కుడు లేదు, పెంకలు పగులుడు లేదు. గ్యారంటీ."

"అటక మీద పెట్టేది ఉంటదా? ఎత్తుల పెడితె మంచిగస్తదేమో."

"అటక మీద తొక్కు జాడీలు పెడుతరు బిడ్డా, యాంటెన్నాలు పెట్టరు."

షాపులో ఉన్నవాళ్లంతా నవ్వారు. నా మొహం మాడిపోయింది. కొమ్ముల యాంటెన్నానే తెచ్చాం. ఇంటికొచ్చి టీవీ మీద పెట్టి, కొమ్ములు నిలువుగా, అడ్డంగా, ఒకటి అటు ఒకటి ఇటు, ఎన్ని రకాలుగా పెట్టినా తెర నిండా చుక్కలే. నాయినమ్మ టీవీ ముందు మోకాలు మడిచి కూర్చుని, "చీమలు పారుతున్నయి" అని చెప్పేది. విసుగెత్తి చిన్నబాపు ఒక కొమ్ము చేత్తో పట్టుకుని రెండో చెయ్యి పైకెత్తాడు. అంతే, ధగధగలాడుతూ బొమ్మ వచ్చింది. చెయ్యి దించితే పోయింది. మళ్లీ ఎత్తితే వచ్చింది. ఆ సాయంత్రం మేమంతా బొమ్మ చూశాం, చిన్నబాపు ఎదుటి గోడను చూశాడు. ఆయన నిలబడింది టీవీ వెనక కదా. మా అమ్మకు జాలేసి, "పాపం, ఆయనను గట్ల నిలవెట్టి మనం తినుడేంది" అని అన్నం ముద్దలు చేసి చిన్నబాపు నోట్లో పెట్టింది. రెండో రోజు ఆయన దుకాణంలో పని ఎక్కువుందని ఇంటికే రాలేదు.

కొమ్ములు పట్టుకుని మళ్లీ జగిత్యాల వెళ్లాను. "గ్యారంటీ అంటిరి గదా" అని అడిగాను. సేటు ఏమాత్రం తడుముకోలేదు. "గ్యారంటీ జగిత్యాల దాకనే బిడ్డా. కోరుట్ల గాలి వేరే" అన్నాడు. నేను అక్కడే స్టూలు మీద కూర్చున్నాను. మారుస్తారా, నన్ను ఇక్కడే ఉండమంటారా అన్నాను. షాపుకొచ్చిన గిరాకీలంతా చూస్తున్నారు. సేటు కాసేపు బల్ల తుడిచి, కాసేపు ఫ్యాను వైపు చూసి, చివరికి ఇంటి మీద పెట్టే రకంలోనే పొట్టిగా ఉన్న ఒక యాంటెన్నా తీసి నా చేతిలో పెట్టాడు. "గిది తీస్కపోయి అటక మీద కట్టు. నేను మొన్ననే చెప్తి, నువ్వే ఇనకపోతివి" అన్నాడు. బస్సు వేళ అవుతోందని నేను యాంటెన్నా చంకన పెట్టుకుని పరుగెత్తాను.

మా అటక అంటే నడింటి మీద దూలాల మీద పరిచిన చెక్కలు, వాటిపైన పెంకులు. నిలబడలేం, కూర్చుంటే తల తగులుతుంది. దాని నిండా నాయినమ్మ సామాను. బిందెలు, గుండిగలు, తాంబాళాలు, అన్నింటి వెనక గోడకు చేరగిలబడి ఆ గంగాళం. నేను వాటి మధ్య ఇరుక్కుని యాంటెన్నాను దూలానికి కట్టి, వైరు కిందికి వదిలాను. ఇక తిప్పడమే మిగిలింది. నేను పైన, నిచ్చెన దగ్గర అమ్మ, టీవీ ముందు నాయినమ్మ. నేను "అచ్చిందా?" అంటే అమ్మ "అచ్చిందా అత్తమ్మా?" అనేది. నాయినమ్మ చూసింది చూసినట్టు చెప్పేది.

"వడ్లు పోసినట్టున్నది."

కొంచెం తిప్పాను.

"మనిషి అచ్చిండు. ఇద్దరచ్చిండ్రు. కవలలు గావచ్చు, ఒకలెన్క ఒకలు నిలవడ్డరు."

ఇంకొంచెం తిప్పాను.

"ఒకడు పోయిండు. ఉన్నోడు గూడ పోతున్నడు. పోయిండు. నీ చెయ్యి పాడుగాను, మంచిగున్నోన్ని పోగొడ్తివి!"

ఇలా రోజూ కాలేజీ నుంచి రావడం, అటకెక్కడం. బూజు, దుమ్ము, ఎలుకలు. చెమటకు యూనిఫారం ఒంటికి అంటుకుపోయేది. "నువ్వు మనిషివా, బల్లివా?" అని అమ్మ. దిగి రా బిడ్డా అన్నం తిందువు అని నాయినమ్మ మాత్రం ఒక్కసారి కూడా అనలేదు. ఆమె టీవీ ముందు నుంచి లేస్తే కదా. బుధవారం సాయంత్రం నాకు కాళ్లు తిమ్మిరెక్కి, కొంచెం చాపుకుందామని ఆ గంగాళాన్ని కాలితో ఒక పక్కకు తోశాను. గంగాళం చెక్కల మీద గీసుకుంటూ జరిగి పక్కకు ఒరిగింది. అదే క్షణంలో నేను యాంటెన్నాను ఒక చిటికెడు తిప్పాను. కింద నుంచి నాయినమ్మ కేక.

"అచ్చింది! అద్దంల చూసినట్టున్నది! ఇగ ముట్టకు, కదలకు, నీకు దండం బెడుత!"

కిందికి దిగి చూశాను. నిజంగానే అద్దంలో చూసినట్టుంది. నా వేళ్లను నేనే ముద్దు పెట్టుకున్నాను. ఆ చిటికెడు తిప్పడంలోనే అంతా ఉందని అమ్మకు, చిన్నబాపుకు, కుళాయి దగ్గర నీళ్లు పట్టుకునే వాళ్లందరికీ వివరించాను. యాంటెన్నాను ఎవరూ ముట్టకూడదని కట్టడి చేశాను. నాయినమ్మ దానికి అంజన్న దారం కట్టించింది. మర్నాడు కాలేజీలో కూర్చున్నానన్న మాటే గానీ, సాయంత్రం మా ఇంట్లో నాకు జరగబోయే సన్మానమే కళ్ల ముందు కదిలింది.

గురువారం నేను ఇల్లు చేరేసరికి వాకిలంతా మెరుస్తోంది. మంచం మీద, అరుగు మీద, తులసికోట చుట్టూ బిందెలు, గుండిగలు, తాంబాళాలు బోర్లించి ఎండబెట్టి ఉన్నాయి. నడుమ గంగాళం బంగారంలా ఉంది. నాయినమ్మ చేతులు చింతపండు పులుసుకు తెల్లగా పాలిపోయి ఉన్నాయి. అమ్మ నడుం పట్టుకుని కూర్చుంది.

"నాయినమ్మా, గివన్ని ఎందుకు దించిండ్రు?"

నాయినమ్మ నన్ను తెలివితక్కువదాన్ని చూసినట్టు చూసింది. "బిడ్డ ఇంటికి అస్తుందంటె గిన్నెలు తోమమా? మబ్బుగున్న గిన్నెలు చూసి ఏమనుకుంటది?"

"అత్త వస్తలేదు నాయినమ్మా. టీవీల అస్తుంది."

"టీవీ ఎక్కడున్నది? నా ఇంట్లనే ఉన్నది గదా?" అంది. "భయపడకు, నీ తీగను ముట్టలే. దాని సుట్టు ఊడ్చిన అంతే" అని కూడా భరోసా ఇచ్చింది.

పరుగెత్తి టీవీ పెట్టాను. చీమలు. అటకెక్కాను. యాంటెన్నా నేను కట్టినట్టే ఉంది, అంజన్న దారం కూడా అలాగే ఉంది. ఒక చిటికెడు తిప్పాను, రెండు చిటికెలు తిప్పాను, చివరికి గుండ్రంగా తిప్పేశాను. కింద చీమలు, వడ్లు, చీమలు. వాడకట్టు ఆడవాళ్లు ఒక్కొక్కరే వచ్చి చాప మీద కూర్చుంటున్న చప్పుడు వినిపిస్తోంది. అత్త గురించి ఏదో అడుగుతున్నారు. చిన్నబాపు కింద నుంచి, "పిల్లా, అయితదా, కాదా? కాకుంటె పక్కింటికన్న పోదాం, టైమైతుంది" అన్నాడు. "మీరు పోర్రి. నేను రాను" అంది నాయినమ్మ. ఆ గొంతు విని నాకు ఏడుపొచ్చింది. ఇన్ని రోజులు బల్లిలా పాకినదాన్ని, ఇప్పుడు ఆమె ముందుకు ఏ మొహంతో దిగాలి? దిగకూడదనుకున్నాను. బొమ్మ రావాలి, లేదంటే ఈ అటక మీదే ఉండిపోవాలి.

అప్పుడు వాకిట్లో కూర్చునేవాళ్లకు చోటు చాలడం లేదని అమ్మ ఒక్కొక్క గిన్నే పైకి అందించడం మొదలుపెట్టింది. బిందెలు అందుకున్నాను. గుండిగలు అందుకున్నాను. తరువాత అమ్మ, చిన్నబాపు ఇద్దరూ కలిసి గంగాళాన్ని నిచ్చెన మీదుగా పైకి తోశారు. నేను రెండు చేతులా దాన్ని లోపలికి లాగుతున్నాను.

"అచ్చింది!" అని కింద అందరూ ఒక్కసారే అరిచారు.

గంగాళాన్ని పక్కన దించాను.

"పోయింది!"

మళ్లీ ఎత్తాను. "అచ్చింది!" దించాను. "పోయింది!" నా చిటికెడు తిప్పుడు, నా లెక్కల గ్రూపు, కుళాయి దగ్గర చెప్పిన ఉపన్యాసం, అన్నీ ఆ గంగాళంలో పడి మునిగిపోయాయి. బొమ్మను పట్టి ఇచ్చింది నా చెయ్యి కాదు, నా కాలు. నిన్న గంగాళం ఎంత ఒరిగి ఉందో ఎవరికి గుర్తు? ఆనించి చూడటానికి ఇప్పుడు వ్యవధి లేదు. కింద మ్యూజిక్ మొదలైంది. నేను గంగాళాన్ని ఒళ్లోకి లాక్కుని, కౌగిలించుకుని, గడ్డం దాని అంచుకు ఆనించి, కదలకుండా కూర్చున్నాను.

ముందు సాంచెల చప్పుడు వినిపించింది. తరువాత ఎవరో మగమనిషి పుస్తకంలో మాటలతో ఏదో అడిగాడు. తరువాత మా అత్త గొంతు. రెండేళ్లుగా వినని గొంతు. కండెలు ఎట్ల చుడతారో, దారం తెగితే ఎట్ల అతుకుతారో చెబుతోంది. ఈ పనికి చాలా ఓపిక కావాలి కదమ్మా అన్నాడు ఆయన. "ఓపిక మా అవ్వ దగ్గర నేర్చుకున్న సార్" అంది అత్త. కింద ఎవరో కిసుక్కుమన్నారు. మా నాయినమ్మకు ఓపిక ఎంతుందో వాడకట్టంతా ఎరుగుదురు. నాయినమ్మ మాత్రం టీవీతో మాట్లాడుతోంది. "తిన్నవా బిడ్డా? గట్ల బక్కగైనవేందే? సెంపలు గుంజుకపోయినయి. ఎవలన్న జూడర్రి, నా బిడ్డ ఎట్లయిందో జూడర్రి!" నాకు భుజాలు పీకుతున్నాయి, ముక్కు మీద సాలీడు నడుస్తోంది, ముక్కు గోక్కుంటే అత్త పోతుంది. గోక్కోలేదు. ఆ చీకట్లో, చింతపండు వాసన కొట్టే గంగాళాన్ని పట్టుకుని, నవ్వుతూ ఏడ్చాను.

అయిపోయాక దిగి, "అత్త ఎట్లున్నది?" అని అడిగాను. అమ్మ ఆకుపచ్చ చీర అంది. చిన్నబాపు నీలం అన్నాడు. పక్కింటామె చీర సంగతి వదిలేసి అత్త వెనక ఉన్న ఫ్యాను బాగుందంది. నాయినమ్మ ఒకటే మాట, బక్కగైంది, చిక్కి సగమైంది. అది లో వోల్టేజి అని, సాయంత్రం పొలాల్లో మోటర్లు నడిచేటప్పుడు బొమ్మ రెండు పక్కల నుంచి నలిగి అందరూ సన్నగానే కనబడతారని చెప్పాను. వినిపించుకోలేదు. పొద్దున లేచేసరికి నాయినమ్మ తలంటుకుని, ఉతికిన చీర కట్టుకుని, నిచ్చెన కింద నిలబడి ఉంది.

"గంగాళం దించు. సిరిసిల్ల పోతున్న."

"నాయినమ్మా, అది తీస్తె ఇగ బొమ్మ రాదు!"

"నాకు బొమ్మెందుకే? మనిషి ఉన్నదాయె."

వారం రోజులు పడ్డ పాటు కదా, నాకు కోపం వచ్చింది. అయినా దించాను. ఆమె ఒక్కతే మొయ్యలేదని వెంట వెళ్లాను కూడా. దాన్ని బస్సు మీద వెయ్యమన్నాడు కండక్టరు. "నేను మీద కూసుంటనా? నేను ఏడుంటె గది గాడనే" అని నాయినమ్మ దాన్ని సీట్ల మధ్య పెట్టుకుంది. రుద్రంగి దగ్గర ఒకామె కూరగాయల సంచి అందులో వేసింది. చందుర్తిలో ఎక్కినామె అడగకుండానే తన పసిపిల్లను అందులో కూర్చోబెట్టింది, పిల్ల వేములవాడ దాకా గిన్నె అంచు మీద దరువు వేస్తూ కూర్చుంది. సిరిసిల్లలో మా అత్త వాడకట్టంతా సాంచెల మోత. ఎవరి మాట ఎవరికీ వినిపించదు. గుమ్మంలో గంగాళంతో నిలబడ్డ తల్లిని చూసి అత్త చేతిలోని కండె జారిపోయింది. నాయినమ్మ గంగాళం దింపి, అత్తను కిందికీ మీదికీ చూసింది. అత్త నిండుగా, గుండ్రంగా, మునుపటికంటే రెండింతలు ఉంది.

"గిదేంది? మంచిగనే ఉన్నవు గదనే!" అని గట్టిగా అరిచి, వెంటనే నా వైపు తిరిగి, "నీ టీవీ పాడుగాను, రాత్రంత నిద్ర లేకుండ జేసింది" అని నన్ను తిట్టి, అప్పుడు అత్తను పట్టుకుని ఏడ్చింది. అత్త కూడా ఏడ్చింది. ఆ మోతలో వాళ్లేమనుకున్నారో నాకు ఒక్క ముక్క వినపడలేదు. కాసేపయ్యాక కరెంటు పోయి సాంచెలన్నీ ఆగాయి. ఆ నిశ్శబ్దంలో అత్తను అడిగాను, "టీవీల ఏ చీర కట్టుకున్నవు అత్తా? నేను చూడలే, అటక మీదున్న."

అత్త ముక్కు తుడుచుకుని నవ్వింది. "నాకేం ఎరుక కోడలా? నిన్న గా టైముకు గిట్లనే కరెంటు పాయె. నేను గూడ చూడలే."

ఆ తరువాత కేబుల్ వచ్చేదాకా మా ఇంట్లో చీమలే పారాయి. గంగాళం ఉన్న చోట బియ్యం బస్తా పెట్టి చూశాను, బిందె మీద బిందె పేర్చి చూశాను, రేకు డబ్బాలు వేలాడదీసి చూశాను. నాయినమ్మ మళ్లీ టీవీ ముందు కూర్చున్నది లేదు. నెలకోసారి సిరిసిల్ల బస్సెక్కేది, బతుకమ్మకు అత్త మా ఇంటికి వచ్చేది. నేను ఇంజనీరును కాలేదు. పిల్లలకు తెలుగు పాఠాలు చెప్పి మొన్ననే రిటైరయ్యాను. నాయినమ్మ పోయి చాలా కాలమైంది. గంగాళం సిరిసిల్లలో అత్త ఇంటి వెనక ఉంది, ఇప్పుడు దానిలో కరివేపాకు చెట్టు పెరుగుతోంది.

పోయిన ఆదివారం అత్త వీడియో కాల్ చేసింది. ఆమెకిప్పుడు వెనకటి నాయినమ్మ కన్నా ఎక్కువ వయసు. ఏదో చెప్పి నవ్వుతూ మధ్యలో ఆగిపోయింది, నోరు తెరిచి, కళ్లు మూసుకుని, బొమ్మ అలాగే బిగుసుకుపోయింది. గొంతు మాత్రం వస్తోంది. "కోడలా, బొమ్మ అస్తుందా?" నేను ఫోను ఎత్తి పట్టుకుని కిటికీ దగ్గరికి పోయాను, మెట్ల మీదికి పోయాను, బాల్కనీ మూలన ఒక చెయ్యి పైకెత్తి నిలబడ్డాను. మా ఆయన లోపలి నుంచి చూసి, "ఏమైంది, ఎవరినన్నా పిలుస్తున్నవా?" అని అడిగాడు. అచ్చం మా చిన్నబాపులా నిలబడ్డానని అప్పుడు తెలిసింది. చెయ్యి దించాను. తెర మీద అత్త చెంపలు లోపలికి పోయినట్టు, మెడ సన్నబడ్డట్టు అనిపించింది. ఇది లో వోల్టేజి కాదని నాకు తెలుసు.

"బొమ్మ వద్దులే అత్తా. పొద్దుగాల బస్సుకు వస్తున్న" అన్నాను.

ఫోను పెట్టేసి సంచి సర్దుకుంటుంటే నవ్వొచ్చింది. అటక మీద గంగాళాన్ని కౌగిలించుకుని కూర్చున్న ఆ పిల్ల ఉంటే నన్ను ఇంత తొందరగా ఓడిపోనిచ్చేది కాదు. ఆగు, ఇంకొక్క మూల చూద్దాం అనేది.